అప్ప చెప్పిన సినిమా

ఆ రోజు నేను కుట్టిన జాకెట్టుకి కుడిచెయ్యి ఎడమవైపు పడింది, ఎడమచెయ్యి కుడివైపు పడింది. పదేళ్ళకి పైగా రాజాంలో కుట్టుమిషను మీద బతుకుతున్నదాన్ని, నేర్చుకునే రోజుల్లో కూడా అంత తెలివిమాలిన పని చెయ్యలేదు. విప్పేను. మళ్ళీ కుట్టేను. మళ్ళీ అదే తప్పు. కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, లేస్తే ఎందుకు లేచేనో గుర్తుండదు. వీధి గుమ్మం దాకా వెళ్ళడం, ఫోన్ చూడ్డం, తిరిగొచ్చి సూదిలో దారం ఎక్కించడం, ఎక్కించిన దారం తెంపేసి మళ్ళీ గుమ్మంలోకి. మా ఆయన భోజనానికొచ్చి, "ఏటే, కాలు కాలిన పిల్లిలాగ తిరగతన్నావు?" అన్నాడు. "నీకెందుకు, తినేసి మిల్లుకి ఫో," అన్నాను. పాపం, ఆయనేం చేసేడు.

సంగతేంటంటే, అప్పటికి తొమ్మిది రోజులై మా అప్ప నాతో మాట్లాడ్డం లేదు. అప్ప అంటే మా అక్క. మా కోటబొమ్మాళి వైపు అక్కని అలాగే పిలుస్తాం. నాకంటే ఆరేళ్ళు పెద్దది, అక్కడికి దగ్గర పల్లెలోనే ఇచ్చేరు. దాని కూతురు పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. రాజాంలో ఒక కాలేజీ ఉంది, హాస్టలూ అందులోనే, చదువంతా ఇంగ్లీషులో. పిల్లని అక్కడ చేర్పించమని నేను, ఒద్దని అప్ప. సోమవారంతో చేరికలు ఆఖరు. నేను ఊరుకోవచ్చు కదా, అప్పని అడక్కుండానే కాలేజీకెళ్ళి పిల్ల పేరు రాయించేసేను. "మా అప్ప కూతురండి, ఇంగ్లీషు గడగడా చదివేస్తాది" అని కూడా చెప్పొచ్చేను.

ఎందుకొద్దో చెప్పమంటే అప్ప చెప్పదు. "ఒద్దంటే ఒద్దు. ఇక్కడే గవర్నమెంటు కాలేజీలో తెలుగులో సదువుకుంటాది" అని ఒకటే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకు బుర్రుండి నీ సదువు నువ్వే సెడగొట్టుకున్నావు. ఇప్పుడు దాని సదువు కూడా సెడగొడతన్నావు. కన్నకూతురి మీద కుళ్ళేటే నీకు?" అనేసేను. నోరు జారడం కాదు, కావాలనే అన్నాను. అవతల ఫోన్ కట్టయింది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

జాకెట్టు చేతులు ఆ రోజుకి నావల్ల కావని తెలిసి హుక్కులు కుట్టడానికి కూర్చున్నాను. హుక్కులకి బుర్ర అక్కర్లేదు. ఎదురుగా ఫోన్ నిలబెట్టి ఏదో ఒక సినిమా పెడదామని వేలితో తోస్తూ ఉంటే ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. మంచు కొండ. కుంటి గుర్రం. దాని పక్కన భుజానికి పెద్ద సంచీ తగిలించుకున్న పిల్ల. మనుషులు నటించిన సినిమాయే, కానీ ఆ గుర్రం నాకు తెలుసు. ఆ పిల్ల తెలుసు. ఓలమ్మో, ఇది మా ఉత్తరాల గుంట!

అసలు పేరు ఏదో జపాను పేరు. మేమిద్దరం దాన్ని ఉత్తరాల గుంట అనే పిలిచేవాళ్ళం; గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అప్ప పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవిలో, మా ఇంటికి సీడీ ప్లేయర్ వచ్చింది. సీడీల షాపతన్ని పిల్లల సినిమా ఇమ్మని నాన్న అడిగితే, అట్ట మీద గుర్రం బొమ్మ చూసి ఇది ఇచ్చేడు. పెట్టి చూస్తే గీసిన బొమ్మల సినిమా, మాటలన్నీ జపాను భాష, కింద ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఒక్క ముక్క బోధపడలేదు. కాళ్ళు నేలకేసి కొట్టి ఏడుపు లంకించుకున్నాను. "ఏడవకే, అచ్చరాలు సదివి నాను సెప్తాను గదా" అంది అప్ప.

ఇక చెప్పడమంటే అలాగ ఇలాగ కాదు. కొండల్లో ఒక పల్లె, అక్కడ అందరూ ముసిలోళ్ళే. వాళ్ళకొచ్చే ఉత్తరాలు ఈ గుంట ఇంటింటికీ మోసుకెళ్ళి చదివి పెట్టాలి. కానీ గుంటకి చదువు రాదు. రాదని పోస్టాఫీసు ముసిలాయనకి తెలీదు. అందుకని ఏం చేస్తుందంటే, ఉత్తరం చింపి, కాగితం వైపు చూస్తున్నట్టు నటించి, ఓరకంట ముసిలోళ్ళ మొహం చూస్తుంది. వాళ్ళకి ఏ మాట కావాలో ఆ మాట చెప్పేస్తుంది. "నీ కొడుక్కి పట్నంలో తిండి సయించడం లేదట, చోడంబలి తాగాలనుందట, పనసపళ్ళ రోజులకి వొచ్చీస్తాడట." ముసిల్ది కళ్ళు తుడుచుకుంటుంది. జపాన్లో చోడంబలి, అంటే మన రాగి అంబలి, ఎక్కడిదని నాకు అనుమానమే రాలేదు. ఆ పిల్ల పడే పాట్లకి నవ్వలేక చచ్చేదాన్ని.

ఆ వేసవంతా మధ్యాహ్నం పూట కరెంటుంటే చాలు అదే సినిమా. ఎప్పుడైనా అప్ప ఒక మాట మార్చి చెప్తే నేను పట్టేసుకునేదాన్ని. "నిన్న కంబళి పంపినాడని సెప్పేవు, ఇయాల గొడుగంటన్నావేటి?" "ఔనే, గొడుగు కాదు, కంబళే" అని సర్దుకునేది. ఇంత పెద్ద సినిమాని గుక్క తిప్పుకోకుండా మన మాటల్లోకి దించేస్తుంది కదా అని నాకు అప్పంటే గొప్ప. గొప్ప కడుపులో దాచుకునే రకం కాదు నేను. వీధిలో చెప్పేను, బడిలో చెప్పేను, నీళ్ళ కుళాయి దగ్గర చెప్పేను. "మా అప్పకి ఇంగ్లీషు మంచినీళ్ళ పాయం." చివరికి నాన్నకి చెప్పేను.

నాన్న వరి రైతు, చదువుకోలేదు. నమ్మలేక, ఓ సాయంత్రం పురుగుమందు డబ్బా తెచ్చి అప్ప చేతికిచ్చి, "సదువమ్మా, ఏటి రాసున్నాదో" అన్నాడు. చుట్టూ నలుగురు. అప్ప డబ్బా అటూ ఇటూ తిప్పింది, నాన్న మొహం వంక చూసింది. "నీళ్ళల్లో కలిపి గాలికి ఎదురు లేకుండా కొట్టాలట. మొకానికి గుడ్డ కట్టుకోవాలట. పిల్లలకి అందకుండా పెట్టాలట," అంది. నాన్న తొడ చరిచి, "అచ్చం షాపోడు సెప్పినట్టే సెప్పినాది సూడు!" అన్నాడు. ఆ డబ్బానే అప్పని రాజాం పంపించింది. ఊళ్ళో ఏ ఆడపిల్లనీ పంపనంత దూరం, ఇంగ్లీషు చదువుకి, హాస్టలుకి. బస్సెక్కించడానికి నేనూ వెళ్ళేను. చెయ్యి ఊపి ఊపి నాకు భుజం నొప్పెట్టింది.

ఏడాది తిరక్కుండా అప్ప అన్నింట్లోనూ తప్పి ఇంటికొచ్చేసింది. ఎందుకు తప్పేవే అంటే మాటాడదు. పొగరన్నారు, బద్ధకమన్నారు, పట్నం గాలన్నారు. నాన్న ఏడాదిపాటు దాని మొహం చూసి మాట్లాడలేదు. తర్వాత పెళ్ళి చేసేసేరు. నాన్న ఇప్పుడు లేడు గానీ, ఉన్నన్నాళ్ళూ "అంత తెలివిని బూడిదలో పోసినాది" అనేవాడు. ఆయన పోయాక ఆ మాట అనడం నేను అందుకున్నాను. తొమ్మిది రోజుల కిందట ఫోన్లో అన్నది కూడా అదే.

సరే, ఇప్పుడా సినిమాని మనుషులతో మళ్ళీ తీసేరు, తెలుగు మాటలు కూడా పెట్టేరు. హుక్కులు ఒళ్ళో పెట్టుకుని చూడ్డం మొదలెట్టేను. పది నిమిషాలకే చిరాకు. మంచు చూస్తే సబ్బు నురగ. కుంటి గుర్రాన్ని పెళ్ళిగుర్రంలాగ దువ్వి తళతళలాడించేరు, దానికి కుంటడం కూడా సరిగ్గా రాదు. పాత సినిమాలో మంచు పడుతుంటే ఏ చప్పుడూ ఉండేది కాదు, మా ఇంటి ఫ్యాను చప్పుడొక్కటే వినబడేది. ఇందులో క్షణం తెరిపి లేకుండా వయొలిన్లు. పోస్టాఫీసు ముసిలాయన పాతదాంట్లో కనుబొమలు తప్ప ఏమీ లేని మనిషి. ఈయనకి చచ్చిపోయిన పెళ్ళాం ఒకర్తిని తగిలించి, ఆవిడ కోసం రెండు పాటలు పాడించేరు. ఎవడడిగేడు?

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఉత్తరం అందుకున్న ముసలమ్మ చేతులు. గోళ్ళ సందుల్లో మట్టి, వేళ్ళ మీద పగుళ్ళు, ఆ వణుకు. గీసిన బొమ్మలో అవి లేవు. అక్కడ మాత్రం నా చేతిలో సూది ఆగింది.

కానీ ఆ తర్వాత జరిగింది చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల ఉత్తరం తీసింది, చక్కగా, తడుముకోకుండా చదివేసింది! కొడుక్కి ఉద్యోగం పెద్దదయిందట, రావడానికి కుదరదట. ముసలమ్మ తల వంచుకుంది. అంతే. నటించడం లేదు, ఓరచూపు లేదు, చోడంబలి లేదు. తర్వాతి ఇంట్లోనూ అదే. సినిమా అంతా ఆ పిల్లకి చదువొచ్చు! ఉప్పు తీసేసి కూర వండినట్టు, దేనికోసం ఆ సినిమా పుట్టిందో దాన్నే తీసి పారేసేరు. మిషను దగ్గర ఒంటరిగా కూర్చుని తిట్టని తిట్టు లేదు. అది చాలక, కింద అందరూ అభిప్రాయాలు రాసే చోట పొడుగ్గా రాసేను. "పాత సినిమా ముఖం కూడా చూడకుండా దీన్ని తీసినట్టున్నారు. అందులో ఆ పిల్లకి చదువు రాదు. అదే కదా కథ."

అరగంట కాలేదు, ఎవరో జవాబిచ్చేరు. "పాతదాంట్లో కూడా చదువొచ్చండి. అది కూడా ఇక్కడే ఉంది, మళ్ళీ ఒకసారి చూడండి."

నీకేం తెలుసోయ్, ఒకటి కాదు నలభైసార్లు చూసినదాన్ని అనుకుంటూ పాతది పెట్టేను. దీనికీ తెలుగు మాటలు పెట్టేరు. అదే కొండ, అదే గుర్రం, రెండు చుక్కల కళ్ళూ ఒక గీత నోరూ ఉన్న అదే పిల్ల. ఆ గీత కదిలింది. పోస్టాఫీసు బల్ల మీద పరిచిన ఉత్తరాల మీది పేర్లన్నీ గట్టిగా చదువుతోంది. ఒక్కటి తప్పడం లేదు. ముసలమ్మ కొడుక్కి ఉద్యోగం పెద్దదయింది. రావడం కుదరదు. అక్షరం పొల్లుపోకుండా కొత్తదాంట్లో ఉన్నదే.

ఆపేను. వెనక్కి తిప్పేను. మళ్ళీ చూసేను. ఎన్నిసార్లు తిప్పితే మాత్రం ఏం మారుతుంది. ఆ చుక్కల కళ్ళకీ గీత నోటికీ ఎవరు ఏ మాట పెడితే ఆ మాట అతుకుతుంది. కొత్త సినిమాలో పిల్లకి నిజం మొహం ఉంది, కనురెప్ప వాలినా ఏదో ఒకటి తనే చెప్పేస్తుంది, దానికి పక్కవాళ్ళ మాట పట్టదు. మా ఇంట్లో కొత్తది ఆడి ఉంటే అప్ప మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోయేది. పాతది కాబట్టి వేసవంతా నెగ్గుకొచ్చింది.

అప్పుడు గాని నా మొద్దు బుర్రకి ఎక్కలేదు. తెలుగు మీడియంలో చదువుకున్న పదిహేనేళ్ళ పిల్ల, కూడబలుక్కుంటే తప్ప ఇంగ్లీషు వాక్యం అవని పిల్ల, తెర మీద ఇలా వచ్చి అలా పోయే అక్షరాల్ని ఎలా చదువుతుంది? చదవలేదు. కథంతా కట్టుకుని చెప్పింది. కాగితం వైపు చూస్తున్నట్టు నటించి, ఓరకంట చూసింది నా మొహమే. పురుగుమందు డబ్బా చేత్తో పట్టుకుని చూసింది నాన్న మొహమే. ఊరంతా టముకు వేసి దాన్ని ఆ హాస్టల్లో పడేసింది నేను. పడేసి, నాన్న పోయాక దెప్పింది కూడా నేనే.

మర్నాడు శనివారం పొద్దున్నే బస్సెక్కేను. శ్రీకాకుళం బస్ కాంప్లెక్సులో దిగి, కోటబొమ్మాళి మీదుగా పోయే టెక్కలి బస్సనుకుని పాలకొండ బస్సెక్కి కూర్చున్నాను. కండక్టరు కసిరి దింపేడు. బెంచీ మీద కూర్చోలేక స్తంభం చుట్టూ తిరుగుతుంటే రాజాం కాలేజీలో నేను చెప్పొచ్చిన మాట గుర్తొచ్చింది. ఇంగ్లీషు గడగడా. ఆ పిల్ల ఇంగ్లీషు చదవగా నేను ఎప్పుడు విన్నాను? ఎప్పుడూ వినలేదు. అప్పుడు నాన్నకి చెప్పిన నోరే ఇప్పుడు కాలేజీలోనూ చెప్పింది. అక్కణ్ణించే కాలేజీకి ఫోన్ చేసి, ఆ పేరు తీసెయ్యండి, తల్లి ఒప్పుకోకుండా రాయించేను, తప్పు నాదేనని చెప్పేను.

నేను వెళ్ళేసరికి అప్ప అరుగు మీద కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. చేట ఆపలేదు, తలెత్తలేదు. "వొచ్చేవా. అంబలుంది, తాగు," అంది.

"అప్పా, ఉత్తరాల గుంట సూసినాను. మన పాతదే. తెలుగు మాటల్తో ఏసినారు."

చేట ఆగింది.

"దానికి సదువొచ్చు," అన్నాను.

అప్ప చేటలో చోళ్ళని చేత్తో అటూ ఇటూ సర్దింది. తర్వాత నవ్వింది, నిజంగానే నవ్వింది. "ఇరవయ్యేళ్ళు పట్టిందేటే నీకు? జాకెట్లు కుట్టుకుంటన్నావు గాబట్టి సరిపోయింది. కలెక్టరువైపోతే ఈ జిల్లా ఏటైపోను?"

నాకు నవ్వు రాలేదు. పక్కన చతికిలబడి ఏడ్చేసేను. "నీకు రాదని నాకు సెప్పొచ్చు గదే. నాన్నకి సెప్పొచ్చు గదే."

"నువ్వు నమ్మినప్పుడు బాగానే ఉండేది," అంది అప్ప. "రోజూ కొత్త మాటలు కట్టడం, నువ్వు నవ్వడం. నాన్న కూడా నమ్మినాడు సూడు, అక్కడొచ్చింది సిక్కు. హాస్టల్లో కూడా అదే సేసినాను. మేడం ఏదైనా అడిగితే పక్కోళ్ళ మొకాలు సూసి జవాబు సెప్పీదాన్ని. కొన్నాళ్ళు నడిసింది. పరీచ్చ కాగితానికి మొకం ఉండదు గదా."

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"సెప్పలేదంటన్నావు. సెప్పినాను. రాజాం ఎల్లడానికి ముందు రోజు మద్దేనం, ఆఖరిసారి ఆ సినిమా ఏసుకున్నాం, గేపకముందా? సివర్న మంచులో గుంట ఏడుస్తాది, ముసిలాయన దాని నెత్తి మీద సెయ్యేస్తాడు."

ఉంది. ఆ సీను నిన్న కూడా చూసేను. అసలు కథలో ఆ ఊరికి రోడ్డు పడింది, పోస్టాఫీసు మూసేస్తున్నారు, ఆయన సెలవు తీసుకుంటున్నాడు.

"ఆరోజు మాత్రం మార్సి నీకు ఇలాగ సెప్పినాను. 'తాతా, నాకు సదువు రాదు, ఇన్నాళ్ళూ అన్నీ కల్పించి సెప్పినాను, నన్ను కాపాడు' అని గుంట ఏడస్తన్నాది. 'ఓసి పిచ్చిదానా, దీనికేటి, రేపట్నించి నాను నేర్పుతాను' అని ముసిలాయన అంటన్నాడు. సెప్పి నీ మొకం సూసినాను. నువ్వు ఊఁ అంటే, ఆ సాయంత్రం నాన్నకాడకెల్లి నా సంగతి సెప్పీద్దామని. నువ్వేటన్నావు?"

"ఏటన్నాను?" నాకు నిజంగా గుర్తులేదు.

"'అన్ని అబద్దాలాడినాది గదా, ముసిలోడు దాన్ని తన్నాల' అన్నావు. తొమ్మిదేళ్ళ గుంటవి, నీకేటి తెలుసు. నాకే నోరు పడిపోయింది."

ఇంట్లోంచి పిల్ల గొంతు వినిపిస్తోంది. ఏదో ఇంగ్లీషు పుస్తకం, ఒక్కో మాటా విరిచి విరిచి చదువుతోంది, ఒకచోట ఆగి మళ్ళీ మొదటికొస్తోంది. అప్ప చెవి అటే ఉంది.

"ఇది పరీచ్చలైన మర్నాడే నాకాడకొచ్చి సెప్పినాది," అంది గొంతు తగ్గించి. "'అమ్మా, ఇంగ్లీషు అచ్చరాలు తెలస్తన్నాయి గాని అర్థమవ్వట్లేదు. బట్టీ పెట్టి రాసినాను. పిన్నికి సెప్పకు' అని ఏడ్సింది. నాను కొట్టలేదు, తిట్టలేదు. ఏ మాటకాడ ఆగిపోతన్నావో సూపించమన్నాను. నాకూ రాదు గదా. ఇద్దరం డిక్షనరీ ముందేసుకుని ఎతుకుతన్నాం. అది సెప్పినాది గాబట్టి దానికి రాజాం తప్పింది."

"మరి నన్ను పిలవొచ్చు గదా," అన్నాను ముక్కు చీదుకుంటూ. "నాకు మాత్రం ఇంగ్లీషేటి బాగా వొచ్చు? నానూ కూకుందును."

అప్ప మళ్ళీ చేట అందుకుంది.

"పిలుద్దామనే అనుకున్నాను. మళ్ళీ ఊరంతా సెప్పీస్తావని మానీసినాను."